పెండింగ్ ఏమీ లేదండీ

ఊళ్లో ఆవిడ అసలు పేరు జీతాల బిల్లు రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ నిశ్శబ్దమ్మ. గ్రంథాలయం గోడ మీద "నిశ్శబ్దం" అని రాసిన బోర్డు చాలదన్నట్టు, ఎవరైనా గుసగుసలాడితే చాలు, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఒక చూపు చూసేది. ఆ చూపుకి పిల్లలదేముంది, ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరే నోరు మూసుకుని మెట్ల మీదికి పోయి ఫోను మాట్లాడుకున్నాడు. ఆ పేరు తనకి పెట్టారని ఆవిడకి తెలుసు. పైకి విసుక్కునేది కానీ లోలోపల మహా ముచ్చటపడేది.

గ్రంథాలయం నీళ్ల పన్ను ఆఫీసు పైన, మేడ మీద. మెట్లు ఎంత ఇరుకంటే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ గోడకి ఒదిగి ఒకరికొకరు దారి ఇచ్చుకోవాలి. పైన పొడుగాటి హాలు, నాలుగు పెద్ద బల్లలు, గోడల వెంట పుస్తకాల ఇనుప రాకులు, కిటికీ పక్కన దినపత్రికల స్టాండు. వానొస్తే మూల రాకు దగ్గర బకెట్టు పెట్టాలి. ఉన్నదింతే. అయినా కొలువులో చేరిన నాటి నుంచీ ఆ హాలుని ఆవిడ చంటిపిల్లని సాకినట్టు సాకింది.

ఆవిడకొక పిచ్చి ఉండేది. తనిఖీ పిచ్చి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి పుస్తకాలన్నీ లెక్కపెట్టి, ఒక నిఘంటువు కనిపించడం లేదని దాని ఖరీదు ఆవిడ జీతంలోంచి కోయించాడు. అదేమైనా కొండంత జీతమా, కోసుకోవడానికి? ఆ నెలంతా ఇంట్లో చంటి కొడుకు పాలు సగానికి తగ్గించారు. ఆనాడు ఆవిడకి బాగా వంటబట్టింది ఒకటే: తనిఖీ అంటే హాలు అద్దంలా మెరవాలి, పుస్తకం పుస్తకం చోట ఉండాలి, వచ్చిన పెద్దమనిషి ఏం అడిగినా "పెండింగ్ ఏమీ లేదండీ" అని చెప్పగలగాలి. ఆ తరవాత ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో! ప్రతివాడూ రాకు మీద వేలు రాసి చూసుకుని, దుమ్ము అంటకపోతే "భేష్" అని మెచ్చుకుని దిగిపోయినవాడే. జీతం పెంచినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

జీతం మాట వస్తే ఇంట్లో మాస్టారు ఊరుకునేవాడు కాదు. మాస్టారంటే ఆవిడ భర్త. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇద్దరూ ఒకే ఏడు డిగ్రీ గట్టెక్కారు. పైగా ఆవిడ దాని మీద గ్రంథాలయ కోర్సు కూడా చదివింది. ఏం చదివి ఏం లాభం? టీచర్ల స్కేలు వేరు, లైబ్రరీ వాళ్ల స్కేలు వేరు. ఆవిడ రోజంతా నిలబడి తెచ్చే జీతం కంటే ఆయన వాలుకుర్చీలో కూచుని తీసుకునే పింఛనే ఎక్కువ.

"నేను పాఠం చెప్పాను కాబట్టి గురువుని. నువ్వు పుస్తకం చేతికిచ్చావు కాబట్టి కొట్లో మనిషివి. సర్కారు లెక్క అదీ," అని ఏడిపించేవాడు.

"ఆ పుస్తకాలే లేకపోతే మీరేం చెప్పేవారట పాఠం, మీ మొహం!" అని ఆవిడ కసిరేది. కసిరి వంటింట్లోకి వెళ్లాక మాత్రం కాసేపు మనసు చివుక్కుమంటూనే ఉండేది.

ఆ గ్రంథాలయంలో ఇంకో మనిషి ఉండేది. ఆవిడకి సహాయకురాలు. పాఠకులంతా చిన్నక్క అని పిలిచేవాళ్లు. సన్నగా, చురుగ్గా, చీర కొంగు ఎప్పుడూ నడుంలో దోపుకుని ఉండేది. బడికెళ్లే కూతురు ఉంది. మొగుడు నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ట్యాంకరు చెడిపోయిన రోజు కూలీ లేదు. చిన్నక్కది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఆమెకిచ్చేదాన్ని జీతం అనకూడదట, గౌరవ వేతనం అనాలట. అదన్నా నెలనెలా వస్తుందా అంటే, రెండు మూడు నెలలు ఎదురుచూస్తే ఒకసారి వచ్చేది.

"వేతనం తక్కువ కదాని గౌరవం కలిపారో, గౌరవం ఉంది కదాని వేతనం కోశారో తెలీట్లేదక్కా," అని ఆమే నవ్వేది.

పనికి మాత్రం కొదవ లేదు. నర్సింగు చదివే అమ్మాయిలు పరీక్షల ముందు బిలబిలమంటూ వచ్చి బిక్కమొహాలు వేసుకుని నిలబడితే, వాళ్లకి కావలసినవి వెతికి, చదవాల్సిన పేజీల్లో కాగితం ముక్కలు పెట్టి ఇచ్చేది. లారీ నడిపే ఒకతను ఉద్యోగ పరీక్ష రాస్తానంటే పక్కన కూచుని దరఖాస్తు నింపించింది. పేపరు తాత అని ఒక ముసలాయన పొద్దున్నే వచ్చి పత్రికల్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవాడు. చిన్న అక్షరాలు కంటికి ఆనక "చిన్నక్కా, ఇదేంటో చూడమ్మా" అని పిలిస్తే, చేతిలో పని ఆపి చదివి పెట్టేది. ఇంకా ఊడిన అట్టలు అతికించడం, నవలల కోసం వచ్చే ఆడవాళ్లకి ఏది ఏడిపిస్తుందో ఏది నవ్విస్తుందో చెప్పడం, బడి పిల్లల కొట్లాటలు తీర్చడం. ఇలాంటివి పనుల కింద రాసుకోవాలని నిశ్శబ్దమ్మకి ఎన్నడూ తోచలేదు. చిన్నక్కకి అంతకన్నా తోచలేదు. వచ్చినవాళ్లకి కావలసింది చూసి పంపడం, సాయంత్రం తాళం వేసుకుని ఇంటికి పోవడం.

అలా ఉండగా బజారులో కొత్తగా పెట్టిన బట్టల షోరూము యజమానురాలు ఒకరోజు నవల మార్చుకోవడానికి వచ్చి, చిన్నక్క చురుకుదనం చూసి ముచ్చటపడింది. బిల్లింగు కౌంటర్లో కూచుంటావా అని అడిగింది. ఇక్కడ వచ్చేదానికి రెట్టింపు, అదీ ఒకటో తారీఖునే చేతికి. "నెలాఖరు దాకా చూస్తానమ్మాయ్, ఆ తరవాత వేరేవాళ్లని పెట్టేసుకుంటా," అని చెప్పి వెళ్లింది.

చిన్నక్క ఆ మాట నిశ్శబ్దమ్మ చెవిన వేసిన రోజుల్లోనే పై ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు.

"మేడమ్, జీతాల కమిటీ వేశారు. లైబ్రరీ పోస్టులన్నీ ఈసారి తేల్చేస్తారంట. టీచర్ల స్కేలు ఇవ్వాలా వద్దా, గౌరవ వేతనం వాళ్లని పర్మనెంటు చెయ్యాలా వద్దా, అంతా వాళ్ల చేతిలోనే. వచ్చే వారం మీ దగ్గరకి ఒక సారు మీ పని చూడటానికి వస్తున్నారు."

పని చూడటానికి! నిశ్శబ్దమ్మకి నెత్తిన పాలు పోసినట్టైంది. పని చూస్తే చాలు, ఇంక అడగాల్సిందేముంది? ఇంత పొందిగ్గా ఉన్న గ్రంథాలయం చుట్టుపక్కల ఎక్కడుంది? పక్క ఊరి లైబ్రేరియన్ ఒక మందమతి, వాడి దగ్గర సగం పుస్తకాలు నేల మీదే పొర్లుతుంటాయి. వచ్చే సారు రెంటినీ చూస్తాడు, తేడా ఆయనే తెలుసుకుంటాడు. ఆవిడ చిన్నక్కని పక్కన కూచోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

"షోరూమూ లేదు గీరూమూ లేదు. ఇన్నాళ్లు ఓపిక పట్టావు, ఇంకొన్ని రోజులు ఆగలేవా? పర్మనెంటు అయ్యిందంటే నీ కూతురి చదువుకి నువ్వు ఎవరి మొహం చూడక్కర్లేదు. నామాట విను. నాది పూచీ."

"షోరూము ఆవిడ నెలాఖరు దాకానే అన్నారక్కా. అదీ పోయి ఇదీ పోతే..."

"అపశకునం మాటలు మాట్లాడకు. నాది పూచీ అన్నానా లేదా?"

చిన్నక్క ఆ సాయంత్రమే షోరూముకి వెళ్లి, రాలేనని చెప్పి వచ్చింది.

ఇంట్లో మాస్టారు సంగతంతా విని, "పని చూడటానికి వస్తున్నారా, పని పట్టడానికి వస్తున్నారా? సరిగ్గా కనుక్కున్నావా?" అన్నాడు. ఆయనది ఎప్పుడూ ఉండే వేళాకోళమే. ఆవిడ చెవిన పెట్టలేదు. ఆ ఒక్క పూట ఆయన మాట చెవిన పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

వారం రోజులు ఇద్దరాడవాళ్లూ ఒళ్లు హూనం చేసుకున్నారు. రాకుల్లోంచి పుస్తకాలన్నీ దించి తుడిచి మళ్లీ ఎక్కించారు. వెలిసిపోయిన నంబరు చీటీలు పీకి కొత్తవి అంటించారు. ఊడిన అట్టలన్నీ అతికించి బరువు కింద పెట్టారు. కిటికీ అద్దాలు తోమారు. బల్లల మీద తరాల కిందట బడి పిల్లలు చెక్కిన పేర్లు కనపడకుండా మైనం రుద్దారు. ముందు రోజు సాయంత్రానికి హాలు పెళ్లికూతురిలా తయారైంది. అప్పుడు నిశ్శబ్దమ్మ అట్ట ముక్క మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో, "తనిఖీ కారణంగా ఈ రోజు పాఠకులకు ప్రవేశం లేదు" అని రాసింది.

చిన్నక్క అది చూసి తటపటాయించింది. "అక్కా, వాళ్లని రానిస్తేనే బాగుంటుందేమో. నర్సు పిల్లలకి ఎల్లుండి పరీక్ష. పైగా ఆ సారు చూడ్డానికి వస్తున్నది మన పని కదా?"

"చాల్లే. నీకేం తెలుసు తనిఖీ సంగతి? వాళ్లొచ్చి పేపర్లు చిందరవందర చేస్తారు, కుర్చీలు జరుపుతారు, తాత గట్టిగా దగ్గుతాడు. ఎన్ని తనిఖీలు చూశాను నేను! నువ్వు కింద మెట్ల దగ్గర నిలబడి అందరికీ నచ్చచెప్పి పంపించు. సారు వచ్చేసరికి అక్కడ కూడా ఎవరూ ఉండకూడదు."

చిన్నక్క తల ఊపింది. ఆవిడ మాట జవదాటిన పిల్ల కాదు.

మర్నాడు పొద్దున్నుంచీ చిన్నక్క మెట్ల దగ్గరే. వచ్చినవాళ్లకల్లా "ఈ పూటకి మన్నించండి, రేపు రండి" అని చెప్పి చెప్పి గొంతు పోయింది. నర్సు పిల్లలు బతిమాలారు. నవలల ఆడవాళ్లు మూతి ముడిచారు. పేపరు తాతకైతే కోపం నషాళానికి అంటింది. "పేపరు చదవని రోజు నా నోట్లోకి ముద్ద దిగదు. మీ సారు నాకు పెడతాడా అన్నం?" అని అరిచాడు. ఎవరూ ఇంటికి పోలేదు. సాయంత్రానికైనా తెరుస్తారేమోనని వీధి చివర టీ కొట్టు దగ్గర చేరి కూచున్నారు.

కమిటీ సారు కారు దిగాడు. పెద్దవాడేం కాదు, నిద్ర చాలని కళ్లు, మెత్తని మాట. ఎన్ని ఊళ్లు తిరిగాడో పాపం, మెట్లెక్కి వచ్చి హాలు గుమ్మంలో ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు.

"ఇంత శుభ్రమైన లైబ్రరీ నేనెక్కడా చూళ్లేదమ్మా," అన్నాడు.

నిశ్శబ్దమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. ఆయన్ని రాకు రాకు దగ్గరికీ తిప్పింది. ఆయన వేలు రాసి చూడలేదు, పుస్తకాలు లెక్కపెట్టలేదు. అది ఆవిడకి కొంచెం వెలితిగానే అనిపించింది. తిరగడం అయ్యాక ఆయన బల్ల దగ్గర కూచున్నాడు.

"వస్తుంటే చూశాను, మీ వీధి చివర టీ కొట్టు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఇక్కడ మాత్రం ఎవరూ లేరే?"

"అక్కడెప్పుడూ గోలేనండీ. ఇక్కడ అలాంటివేవీ ఉండవు," అంది ఆవిడ గర్వంగా.

"పాఠకులు బాగానే వస్తుంటారా?"

"వస్తూ పోతూ ఉంటారండీ. మనకి వాళ్లతో ఇబ్బందేమీ లేదు."

"మీకు పని బాగా ఎక్కువగా ఉంటుందా?"

ఏమని చెప్పాలి? పని ఎక్కువ అంటే చేతకానిదని అనుకోడూ? ఆవిడ జవాబు నాలుక చివరే ఉంది. ఎన్నేళ్ల నుంచో ఉంది.

"అబ్బే, లేదండీ. ఎప్పటి పని అప్పుడే చేసేస్తాం. పెండింగ్ ఏమీ లేదండీ."

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. "మీ సహాయకురాలు ఉన్నారు కదా, ఆమె పని ఎలా ఉంటుంది?"

ఇదే అదును అనుకుంది ఆవిడ. చిన్నక్క కోసం నాలుగు మంచి ముక్కలు చెప్పాలని ఆవిడ గుండె పొంగింది. "బంగారం లాంటి పిల్లండీ. నోట్లో నాలుక లేదు. ఏ పని చెప్పినా చిటికెలో చేసి పారేస్తుంది. అసలు పని చేసినట్టే కనిపించదు!"

"ఇద్దరికీ సరిపడా పని ఉంటుందంటారా?"

"ఇద్దరం ఉన్నాక మాకు కష్టమేముందండీ? ఆ పిల్ల రాకముందు నేనొక్కదాన్నే నడిపిన రోజులున్నాయి. ఇప్పటికైనా ఒక్కదాన్నే నెట్టుకురమ్మంటే నెట్టుకురాగలను."

అది ఆవిడ గొప్ప. చూశారా, నేను ఎంతటి మనిషినో అని చెప్పుకోవడం. ఆయన లేచి, నమస్కారం పెట్టి, "మీలాంటివాళ్లు ఉండబట్టే నడుస్తోందమ్మా," అని మనస్ఫూర్తిగా అన్నాడు. కారు వెళ్లిపోగానే నిశ్శబ్దమ్మ గబగబా మెట్లు దిగి, జన్మలో లేనిది, నడివీధిలో చిన్నక్కని కౌగిలించుకుంది.

"అయిపోయినట్టేనే! ఎంత మెచ్చుకున్నాడనుకున్నావ్!"

ఆర్డరు రావడానికి రెండు నెలలు పట్టింది. గుమాస్తా ఫోనులో చదువుతుంటే మొదట ఆవిడకి అర్థమే కాలేదు. నిర్వహణ ఆదర్శప్రాయం. పనిభారం స్వల్పం. ఒక ఉద్యోగి చాలు. సహాయకురాలి కొనసాగింపు అనవసరం. లైబ్రేరియన్‌కి పాత స్కేలే. పాఠకుల తాకిడి ఉన్న చోట్ల మాత్రం టీచర్ల స్కేలు ఇచ్చారు. పక్క ఊరివాడికి ఇచ్చారు. వాడి సహాయకుడు పర్మనెంటు కూడా అయ్యాడు. కమిటీ సారు వెళ్లిన రోజు వాడి దగ్గర జనం కూచోడానికి చోటు లేక నేల మీద, ఆ పొర్లే పుస్తకాల మధ్యనే కూచుని ఉన్నారట.

నిశ్శబ్దమ్మ మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కి కమిటీ ఆఫీసుకి పోయింది. ఆ సారు ఆవిడని గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

"అమ్మా, మేం చూడ్డానికి వచ్చింది శుభ్రం కాదు, ఎంత పని ఉందో అది. మీ దగ్గర పురుగన్నా లేదు."

"నేనే రావద్దన్నానండీ! మీరొస్తున్నారని నేనే అందర్నీ పంపించేశాను. ఆ టీ కొట్టు దగ్గర మీరు చూసినవాళ్లంతా మావాళ్లేనండీ!"

"మేం వస్తున్నామని పాఠకుల్ని పంపేశారా? ఎందుకమ్మా?"

ఎందుకంటే ఏం చెబుతుంది? ఎప్పుడో పోయిన నిఘంటువు గురించి చెప్పాలా, ఆ నెల సగం పాలతో పెరిగిన కొడుకు గురించి చెప్పాలా?

"పోనీ, నేనడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా? పని ఎక్కువుందా అంటే లేదన్నారు. ఒక్కదాన్నే నడపగలనన్నారు. నేను కల్పించింది ఒక్క ముక్క లేదమ్మా, అంతా మీరు చెప్పిందే."

"ఇంకొక్కసారి రండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను. ఏ రోజైనా సరే, చెప్పకుండా రండి."

"కమిటీ పని అయిపోయిందమ్మా. మళ్లీ ఎప్పుడు వేస్తారో పైవాళ్లకే తెలియాలి."

"అయితే నన్ను తీసెయ్యండి. నా కుర్చీలో ఆ పిల్లని కూచోబెట్టండి. బడికెళ్లే కూతురుందండీ. నాకేం, మావారి పింఛను ఉంది."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుతూ మెల్లిగా చెప్పాడు. "మీరు దిగిపోతే ఆ పోస్టు కూడా మీతోనే పోతుంది. తరవాత అక్కడ ఎవర్నీ వెయ్యరు. మీరున్నన్నాళ్లే అది లైబ్రరీ. తరవాత తాళమే."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని ఆవిడ కుళ్లికుళ్లి ఏడ్చింది. పక్క సీటు ఆవిడ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. ఇంటికి వచ్చాక మాస్టారు కంచం పెట్టి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, ఎదురుగా కూచున్నాడు. వేళాకోళం ఆడలేదు. ఆయన అలా ఊరుకోవడం చూసి ఆవిడకి దుఃఖం ఇంకా పొర్లుకొచ్చింది.

చిన్నక్క కోసం ఆవిడ షోరూముకీ వెళ్లింది. యజమానురాలు నొచ్చుకుంది. "అయ్యో మేడమ్, ఆ అమ్మాయి రానందని అప్పుడే వేరేవాళ్లని పెట్టేసుకున్నాం కదా! ఇప్పుడు పాపం ఆ కొత్త పిల్లని ఎలా తీసెయ్యను?"

ఇంత జరిగినా, కమిటీ సారుతో తానన్న మాటలు మాత్రం చిన్నక్కకి చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకునేది, రోజూ రేపటికి వాయిదా వేసేది. చిన్నక్క ఆ కమిటీ సారుని నోరారా తిట్టేది. "కళ్లు నెత్తికెక్కిన మనుషులక్కా. మీరు నా గురించి ఎంత బాగా చెప్పుంటారో నాకు తెలీదూ? విననివాడికి మీరేం చేస్తారు? మీరు దిగులు పెట్టుకోకండి," అని తిరిగి ఆవిడనే ఓదార్చేది. తిట్టినా బాగుండును, ఒక్క మాట నిష్ఠూరమాడినా బాగుండును అనుకునేది నిశ్శబ్దమ్మ.

చిన్నక్క చివరి రోజు రానే వచ్చింది. ఆ రోజు హాలు నిండా జనం. వాళ్లకి ముందే తెలిసిపోయింది. నర్సు పిల్లలు పాసయ్యామని చెప్పడానికి వచ్చారు. లారీ అతను ఉద్యోగం రాలేదు కానీ మళ్లీ రాస్తానన్నాడు. తాత పేపరు ముందు పెట్టుకున్నాడు గానీ చదవలేదు. సాయంత్రానికి ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోయారు. చిన్నక్క బల్లలు సర్ది, కుర్చీలు లోపలికి జరిపి, జిగురు డబ్బా మూత బిగించి, తన టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. ఏం చేస్తావు ఇక మీదట అని నిశ్శబ్దమ్మ అడిగితే, మా వీధిలో ఒకావిడ ఇంటి దగ్గర బట్టలు కుట్టిస్తోంది, గుండీలు కుట్టడానికి రమ్మంది అని చెప్పింది.

ఇంక ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నీ నోట్లో మన్ను కొట్టింది ఆ సారు కాదే. నేను," అంది.

చిన్నక్కకి అర్థం కాలేదు. నిశ్శబ్దమ్మ అంతా చెప్పింది. ఆయన ఏం అడిగాడో, తనేం చెప్పిందో, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. పని ఎక్కువుందా అంటే లేదన్నానని చెప్పింది. నువ్వు పని చేసినట్టే కనపడవని చెప్పానని చెప్పింది. ఒక్కదాన్నే నెట్టుకురాగలనని గొప్పలు పోయానని చెప్పింది. "నిన్ను మెచ్చుకుంటున్నాననుకున్నానే. నా తల్లీ, ఒట్టు, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నన్ను తిట్టు. నాలుగు దులుపు."

చిన్నక్క తిట్టలేదు. సంచి భుజానికి తగిలించుకున్నది తీసి మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆ ఖాళీ కుర్చీల వంక చూసింది.

"నేను ఇన్నేళ్లూ ఇక్కడ చేసిందంతా ఏంటక్కా మరి? పని కాదా?"

"పనేనమ్మా," అంది నిశ్శబ్దమ్మ ఏడుస్తూ. "పని కాకపోవడమేంటి? నువ్వు లేకపోతే ఈ హాలు ఒక్క పూట నడవదు. వాళ్లంతా వచ్చేది నీ కోసమే. నాకు తెలీదూ?"

"ఆ మాటే ఆయనకి చెప్పాల్సింది అక్కా," అంది చిన్నక్క.

కోపంగా అనలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లిగా అంది. తరవాత సంచి తీసుకుని, ఆ ఇరుకు మెట్ల మీద గోడకి ఒదుగుతూ దిగిపోయింది.